గోల్ఫ్ డ్రైవర్‌కి (దూరం కొట్టే పెద్ద తల కర్రకి) టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎంత ఎత్తు పెట్టాలి? మా అనంతపురం నేలలో కుదరట్లేదు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. వేరుశనగ పీకేసిన చేనులోనే గోల్ఫ్ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఐరన్లతో (చిన్న ఇనుప తల కర్రలతో) బాగానే పోతోంది, ఇబ్బందంతా డ్రైవర్‌తోనే. నాది ఫేస్ (బంతిని తాకే ముఖం) వాలు 10.5 డిగ్రీలది, తల పరిమాణం 460 సీసీ. కుడిచేతి ఆట.

బంతి సగం డ్రైవర్ పైఅంచు దాటి కనబడాలి, ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి అంటారు కదా, అలాగే పెడుతున్నాను. ఫేస్‌కి సుద్దపొడి రాసి కొట్టి చూశాను. ముద్ర మధ్యలో పడట్లేదు, పైఅంచుకి దగ్గరగా, షాఫ్ట్ (కర్ర కాడ) వైపు పడుతోంది. బంతి నిట్టనిలువుగా లేచి కుడికి తిరిగి దగ్గర్లోనే పడిపోతోంది. టీ కాస్త దించితే అసలు లేవట్లేదు.

దానికి తోడు ఈ ఎర్రనేల. వాన లేకపోతే చెక్క టీలు దిగకముందే పుటుక్కున విరుగుతున్నాయి. స్క్రూడ్రైవర్‌తో ముందే రంధ్రం చేస్తున్నాను గానీ, ప్రతిసారీ ఒకే ఎత్తు ఎలా వస్తుంది? రబ్బరు టీ ఉన్న మ్యాట్ కొనడం మేలా?

నా దగ్గరున్నవి 70 మిల్లీమీటర్ల టీలు. 83వి తీసుకోవాలా? రూల్ ప్రకారం 4 అంగుళాల దాకా వాడొచ్చు, కానీ మా ఎదురుగాలికి అంత ఎత్తు పనికొస్తుందని నాకు అనిపించట్లేదు.

ముందు టీ ఎత్తు మార్చాలా, లేక బంతికి కాస్త దూరంగా నిలబడి చూడాలా? గట్టినేల మీద ఆడే అన్నలు, అక్కలు దయచేసి చెప్పండి.