పక్కింటి చవుడు మిద్దె కొని బొంతలు కుట్టే చోటుగా మార్చుకోవాలి: ముందు ఏ పని పెట్టుకోవాలి?

బొంతలపని, ప్రొద్దుటూరు

మా ఇంటికి ఆనుకొని తూర్పున ఉన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. 2 సెంట్ల స్థలం. రాతిగోడలు, మట్టితో పేర్చినవి, మందం అడుగున్నర. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న కర్రలు (దంతెలు), వాటి మీద బండలు, ఆపైన చవుడు మన్ను. ముందు పడసాల 12×20 అడుగులు, వెనక గది 10×12, వంటిల్లు 8×10, పెరట్లో వాడుకనీళ్ళు పోయే జలదారి. మూడేళ్ళుగా తాళం వేసి ఉంది. పడసాలలో రెండు చోట్ల దంతెల మీద తడి మరకలున్నాయి. పెరటివైపు గోడ అడుగున రెండడుగుల ఎత్తు దాకా తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. నేల కడప బండలే, అక్కడక్కడా కుంగాయి.

నలుగురు కూర్చొని పాత చీరల బొంతలు చేత్తో కుట్టడానికి, రెండు మెషిన్లు పెట్టుకోవడానికి, దూది రజాయిలు చేయడానికి వాడుకోవాలి. మా ఇంట్లోంచి నేరుగా వెళ్ళేలా మధ్యగోడకు తలుపు పెట్టాలని ఉంది. మిద్దె ఉంచాలా, తీసేయాలా? తలుపు కొట్టొచ్చా? బల్లలు, లైట్లు, కరెంటు ఎలా? కాగితాల్లో ఏం చూడాలి?

మిద్దెపని, తాడిపత్రి

అక్కా, ధర మాట్లాడక ముందే మిద్దె ఎక్కి చూడండి. చవుడు మందం ఎంతుందో నాలుగైదు చోట్ల గునపం దించి కొలవండి. కారిన ప్రతిసారీ పైన కొత్త చవుడు పోస్తారు గానీ పాతది ఎవరూ తీయరు, అందుకే పాత మిద్దెల మీద అడుగు మందం దాకా పేరుకొని ఉంటుంది. అరడుగు చవుడంటే చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు. మీ పడసాల 22 చదరపు మీటర్లు, అంటే 5 టన్నులు దాటింది. అడుగు మందముంటే 10 టన్నుల పైమాటే. వాన తాగితే ఇంకా పెరుగుతుంది. పాత దూలాలు విరిగేది ఎక్కువగా ఈ బరువుకే.

తరువాత దూలాల కొనలు చూడండి. గోడలో దూరిన చోటే పుచ్చుతాయి, ఎందుకంటే గోడ చెమ్మ అక్కడికి చేరుతుంది, గాలి ఆడదు. స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా నొక్కండి. పావు అంగుళం కంటే లోపలికి దిగిందంటే ఆ కొన పోయినట్టే. దూలం కింద ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి నడుమ వంపు కొలవండి. 12 అడుగుల దూలానికి అర అంగుళం ఉంటే భయం లేదు. అంగుళం దాటితే మార్చాల్సిందే. చెదలు గోడల మీదుగా మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి పోతాయి, టార్చి వేసి మూలలన్నీ వెదకండి.

దూలాలు బాగుంటే మిద్దె ఉంచండి, తీయొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కింద కూర్చొని బొంత కుట్టలేరు, చవుడు మిద్దె కింద కుట్టగలరు. పాత చవుడంతా బండల దాకా తీయించి, బండల సందులు సున్నం గారతో పూడ్చి, కొత్త చవుడు 4 అంగుళాలు పోసి, నీళ్ళు బయటికి పోయే తూమువైపు వాలు పెట్టి దిమ్మిస కొట్టించండి. 10 అడుగులకు 3 అంగుళాల వాలన్నా ఉండాలి. ఈ పని మే నెల లోపల అయిపోవాలి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత దూలాల మీదే కాంక్రీటు పోయిస్తారు. 3 అంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 190 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి బరువు పెద్దగా తగ్గదు. పైగా చెక్క ఎండకు, చెమ్మకు కదులుతుంది, కాంక్రీటు కదలదు, బీటలిస్తుంది. ఆ బీటలో దిగిన నీళ్ళు కనపడకుండా దూలాన్ని తినేస్తాయి. చవుడు మిద్దె కారితే మరకైనా కనిపిస్తుంది, ఇది అదీ చెప్పదు.

దూలాలు పోయుంటే 12 అడుగుల అడ్డానికి ఇనుప దూలాలు వేయించండి. ఐఎస్ఎంబీ 150 సైజు (ఐ ఆకారంలో ఉండే ఇనుప దూలం), నాలుగడుగులకు ఒకటి చొప్పున పడసాలకు నాలుగు పడతాయి. రెండువైపులా గోడలో 9 అంగుళాలు కూర్చోవాలి, అంటే ఒక్కొక్కటి 13న్నర అడుగులు. మీటరుకు 15 కిలోలు, నాలుగూ కలిపి దాదాపు 250 కిలోలు. దూలం కొనల కింద గోడలో కాంక్రీటు దిమ్మె పోయించాలి. లేకపోతే బరువంతా ఒక్క రాయి మీద పడి మట్టి సందు నలుగుతుంది. లెక్క ఒకసారి ఇంజినీరుకు చూపించుకోండి.

మధ్యగోడకు తలుపు పెట్టొచ్చు, కానీ రెండువైపులా దూలం కొన లేని చోటు ఎంచుకోవాలి. మీ ఇంటి దూలాలు ఏ గోడ మీద కూర్చున్నాయో కూడా చూసుకోండి. 3 అడుగుల సందుకు, పైగోడ బరువు మోయడానికి నాలుగున్నర అడుగుల అడ్డదిమ్మె (లింటెలు) కావాలి. మట్టితో పేర్చిన రాతిగోడను ఒక్కసారిగా కొడితే పైరాళ్ళు జారి పడతాయి. ముందు పైన అడ్డంగా ఇనుప ముక్కలు గోడలో ఇటు నుంచి అటు దూర్చి, వాటి కింద రెండువైపులా జాకీలు పెట్టాలి. తరువాత ఒకవైపు నుంచి గోడ మందంలో సగం, అంటే 9 అంగుళాలు, తొలిచి ముందే పోసి ఉంచిన లింటెలు దూర్చాలి. దాని లోతు 6 అంగుళాలు, లోపల 10 ఎంఎం కమ్మీలు నాలుగు. పైసందు గట్టిగా గార కూరి వారం ఆగాలి. ఆ తరువాతే రెండోవైపు సగం. రెండూ కూర్చున్నాక కింద రాళ్ళు తీయండి. కడప బండను లింటెలుగా పెట్టొద్దు, వంపు బరువుకు టక్కున విరుగుతుంది.

గోడ అడుగున ఉప్పు పొడికి కారణం మీరే రాశారు, పెరట్లో జలదారి. దాని నీళ్ళు గోడ పునాదిలోకి ఇంకుతున్నాయి. దాన్ని గోడకు నాలుగడుగుల దూరం జరిపి, పైపు వేసి కాలువలో కలపండి. ఆ తరువాత పాడైన పూత గీకేసి రెండు నెలలు ఆరనివ్వండి. సిమెంటు పూత మాత్రం వేయించొద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక పూత వెనక ఉప్పు పేరుకుంటుంది, ఏడాదికి పెచ్చులుగా ఊడుతుంది, చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. సున్నం, ఇసుక 1:3 పాళ్ళలో పూయించి పైన సున్నమే కొట్టించండి.

కుట్టుబల్ల, అనంతపురం

మిద్దె గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. దానికి బట్ట వైపు నుంచి ఒకటి కలపాలి. చవుడు మిద్దె కింద దంతెల సందుల్లోంచి సన్నటి మన్ను రోజూ రాలుతుంది. ఇంట్లో ఉండేవాళ్ళకు అది లెక్కలోకి రాదు. బొంత పొరలు పరిచినప్పుడు మాత్రం అదే ఇసుక పొరల మధ్య చేరి, ఉతికిన ప్రతిసారీ లోపల్నుంచి నూలును కోస్తుంది. అందుకని దంతెల కింద చాందినీ కట్టండి. మందపాటి ముతక నూలు గుడ్డ, నాలుగు ముక్కలుగా, అంచుల్లో కొక్కేలు పెట్టి, ఒక్కో ముక్క విడిగా ఊడదీసి దులుపుకునేలా ఉండాలి. ఒకే ముక్కగా కడితే ఎవరూ దించరు, మన్ను బరువుకు సంచిలా వేలాడుతుంది. ఆషాఢం గాలికి తలుపు సందుల్లోంచి కూడా దుమ్ము కొడుతుంది, రెక్కల అంచులకు రబ్బరు పట్టీ అంటించండి.

మిద్దెలో వెలుతురు కోసం వదిలిన సందు (గవాచి) ఉంటే మూయకండి. చుట్టూ 6 అంగుళాల కట్ట లేపి పైన గరుకు గాజు బిగించండి. తిన్నగా ఎండ పడే చోట బట్ట మాత్రం పెట్టొద్దు, పాత చీరల రంగులు ఒక్క ఎండాకాలంలోనే వెలిసిపోతాయి.

నేల బండలు సమం చేయించడం మెషిన్ల కంటే ముందు. బొంత పరిచేది నేల మీదే కదా. చీర పొడవు 18 అడుగులు, వెడల్పు (పన్నా) 46 అంగుళాలు. దాన్ని ఆరేసి అడుగుల మూడు ముక్కలు చేసి, రెండు ముక్కలు అంచుకంచు కలిపితే 6×7½ అడుగుల ఒక పొర. ఆరు పొరల బొంతకు పన్నెండు ముక్కలు, అంటే నాలుగు చీరలు. ఆ పొర చుట్టూ మనిషి మోకాళ్ళ మీద తిరగడానికి రెండున్నర అడుగులు వదిలితే 11×12½ అడుగుల చదునైన నేల కావాలి. మీ పడసాల 20 అడుగుల పొడవులో 12½ అడుగులు వీధివైపు దీనికి ఖాళీగా ఉంచండి, అక్కడ బల్లలేవీ వద్దు. బండ ఎత్తుపల్లాలుంటే పైపొర బిగిసి కింది పొర వదులవుతుంది, కుట్టాక మడతలు లోపలే ఉండిపోతాయి. పాత బండలే ఎత్తించి, 2 అంగుళాల సిమెంటు ఇసుక 1:6 మీద తిరిగి పరిపించండి. సందులు నిండా పూడ్చాలి, లేకపోతే పడిన సూది మళ్ళీ దొరకదు.

పరిచేటప్పుడు పొరపొరకూ నడిమి నుంచి అంచుల వైపు అరచేత్తో తీసుకుంటూ పోవాలి. నాలుగు మూలలా బరువులు పెట్టి, నడుమ నుంచే మొదలుపెట్టి జానెడు దూరానికి ఒక టాకా (పొరలు కదలకుండా పట్టే పెద్ద కుట్టు) వేయండి. అంచు నుంచి మొదలుపెడితే మిగులు బట్టంతా నడుమకొచ్చి గుబ్బలా లేస్తుంది. నూలు చీరలతో పాటు పాలిస్టరు చీర ఒకే బొంతలో కలపొద్దు. నూలు ఉతికితే కుంచించుకుంటుంది, పాలిస్టరు అలాగే ఉంటుంది, బొంత ముడుచుకుపోతుంది. పంచెలు, చీరలు ఏవైనా ముందే వేడినీళ్ళలో ఒకసారి ఉతికి తీరాలి.

మెషిన్ల దగ్గర తప్పు జరిగేది బరువుతో. ఆరు పొరల బొంత మెషిను బల్ల నుంచి కిందికి వేలాడితే ఆ బరువు సూదిని వెనక్కి లాగుతుంది. కుట్లు ఒకచోట చిన్నవి, ఒకచోట పెద్దవి పడతాయి, సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. మెషిను బల్ల ఎత్తు 29, 30 అంగుళాలు ఉంటుంది. సరిగ్గా అదే ఎత్తులో ఎడమన ఒకటి, వెనక ఒకటి బల్లలు చేయించండి, అతుకు దగ్గర మెట్టు ఉండకూడదు. 8×4 ప్లైవుడ్డు షీటు 19 ఎంఎం ఒకటి నిలువునా కోస్తే రెండు బల్లలొస్తాయి. కత్తిరింపు బల్ల మాత్రం 35 అంగుళాలు ఉండాలి, 30 అంగుళాల బల్ల మీద నిలబడి కత్తిరిస్తే నడుం పోతుంది. ఇళ్ళలో వాడే మెషిను మెడ కింద 6, 7 అంగుళాల చోటే ఉంటుంది, చుట్టిన రజాయి దూరదు. కొంటే కింది పళ్ళతో పాటు పైపాదం కూడా బట్టను నడిపే రకం కొనండి, సూది 16 లేక 18 నంబరు. మామూలు పాదం కింద పైపొర వెనకబడి, చివరికొచ్చేసరికి అంగుళం మిగిలిపోతుంది.

బొంతలపని, ప్రొద్దుటూరు

అన్నా, అక్కా, చాలా మేలు చేశారు. దూలాల కొనలు రేపే చూపిస్తాను. దూది పని కూడా వెనక గదిలోనే పెట్టుకోవచ్చా? ఇల్లు వాళ్ళ తాత కట్టించింది, ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు, ఒక కూతురు కూడా ఉంది.

కుట్టుబల్ల, అనంతపురం

దూది ఏకడం ఇంట్లో వద్దు అక్కా. ఆ నుసి ఊపిరితిత్తులకు చెడ్డది, బల్బు మీద, స్విచ్చు మీద పేరుకొని నిప్పు అంటుకుంటుంది కూడా. దూదేకులవాళ్ళ దగ్గర ఏకించి తెచ్చుకోండి. 5×7½ రజాయికి ఒకటిన్నర నుంచి రెండు కిలోలు సరిపోతుంది. వెనక గదిలో దూది నింపడం, టాకాలు వేయడం వరకు చేయొచ్చు, కానీ జలదారి సంగతి తేలి గోడ ఆరాకే. చెమ్మ పట్టిన దూది ముద్ద కడుతుంది, వాసన పోదు. బీరువాలు, అరలు గోడకు నాలుగు అంగుళాల దూరంలో, నేలకు ఆరు అంగుళాల ఎత్తులో ఉంచండి.

దస్తావేజుపని, కర్నూలు

కూతురు ఉందన్నారు కాబట్టి అక్కడే ఆగండి అమ్మా. తాతల ఆస్తి అయితే ఆమె సంతకం లేకుండా కొనొద్దు. మన రాష్ట్రంలో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమానహక్కు 1986 చట్టంతోనే వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆమె పెళ్ళి అయి ఎక్కడున్నా అమ్మకందారుల్లో ఒకరిగా సంతకం పెట్టాలి, లేదా రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం చూపాలి. తెల్లకాగితం మీద "నాకు అభ్యంతరం లేదు" అని రాయించుకుంటే చెల్లదు.

ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది. తాత కట్టించిన ఇల్లు కాబట్టి అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి తీయించండి. రిజిస్ట్రేషను నిషేధించిన ఆస్తుల 22-ఎ జాబితాలో ఈ స్థలం లేదని చూసుకోండి. దస్తావేజులో నాలుగు హద్దులు రాసే చెక్కుబందిలో మీవైపు గోడను ఏమని రాశారో చదవండి. ఉమ్మడి గోడ అని ఉంటే సరే, వాళ్ళ సొంత గోడ అని ఉంటే రిజిస్ట్రేషను అయ్యేదాకా దాని మీద సుత్తి పెట్టొద్దు. టేపు పట్టి నాలుగువైపులా కొలవండి. 2 సెంట్లంటే 871 చదరపు అడుగులు రావాలి. మిగిలిన పొరుగువాళ్ళ నీళ్ళు ఆ పెరట్లోంచి పోతున్నాయేమో చూడండి. 20 ఏళ్ళుగా పోతుంటే ఆ హక్కు వాళ్ళకు వచ్చేసి ఉండొచ్చు, జలదారి జరిపేటప్పుడు గొడవవుతుంది.

ఖర్చు: స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం. మీ ధర, ప్రభుత్వ విలువ, ఏది ఎక్కువైతే దాని మీద. బయానాతో సహా 20,000 ఆ పైన నగదుగా ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటిపన్ను, కరెంటు బకాయిల రసీదులు ముందే తీసుకోండి.

కరెంటుపని, కడప

మూడేళ్ళు మూతబడిన ఇంట్లో పాత వైరింగు నమ్మొద్దు, ఎలుకలు కొరికి ఉంటాయి. మొత్తం కొత్తగా లాగించండి. ఇస్త్రీకి విడిగా 2.5 చదరపు ఎంఎం వైరు, 16 యాంపుల సాకెట్టు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు). లైట్లు, ఫ్యాన్లకు 1.5. అన్నిటికీ ముందు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు). ఇస్త్రీని మెషిన్ల సాకెట్లోనే గుచ్చితే వైరు వేడెక్కి ప్లగ్గు నల్లబడుతుంది. కడప ఎండలకు ఎర్తింగు గుంత పూర్తిగా ఎండి పనిచేయడం మానేస్తుంది, ఫిబ్రవరి నుంచి వానల దాకా వారానికి రెండు బిందెల నీళ్ళు పోయాలి.

పడసాలకు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు ఆరు, మెషిన్ల మీద, కత్తిరింపు బల్ల మీద ఒక్కో వేలాడే లైటు అదనంగా. 6500 కెల్విన్ల తెల్లటి ట్యూబుల కింద మెరూన్, ముదురు గోధుమరంగు ఒకేలా కనిపిస్తాయి, దారం తప్పుగా ఎంచుతారు. 4000 కెల్విన్లు, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 అని పెట్టె మీద ఉన్నవి అడగండి. ఫ్యాన్ల హుక్కులు పాత దూలాలకు మేకులతో కొట్టకుండా చుట్టూ ఇనుప పట్టీ వేసి బిగించండి. చాందినీ కట్టాలనుకుంటే ఫ్యాను కడ్డీ ఎంత పొడవు కావాలో మేస్త్రీని అడిగి నాకు చెప్పండి, ఆ గుడ్డకూ రెక్కలకూ మధ్య అడుగన్నా ఉండాలి.