ఏఐ ఇచ్చిన చీర డిజైన్ కళేనా? దానికి డిజైన్ పైసలు ఇవ్వాలా, వద్దా?

చిటికి_బిడ్డ:
మాది పోచంపల్లి పక్క ఊరు. నాన్న చిన్నప్పటి నుంచీ చిటికి పనిలోనే, అంటే నూలుకు కట్లు కట్టి రంగులద్ది నేసే పనిలోనే ఉన్నాడు. మాకు నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు పోయిన వారం వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు. "ఏఐ గీసింది, ఇదే నేయండి. ఈసారి డిజైన్ పైసలు ఉండవు" అన్నాడు. చూడటానికి బొమ్మ బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. నాన్న దాన్ని వేళ్లతో పెద్దగా చేసి చాలాసేపు చూశాడు. "నూలు పట్టనోళ్లు గీసింది బిడ్డా ఇది" అన్నాడు.

ఎందుకో చెప్తా. మేము నేయకముందే నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతాం. కట్టిన చోట రంగు ఎక్కదు. మగ్గం మీద దారం వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు మసకబారుతుంది. కానీ ఆ మసక దారం పోయే దారిలోనే ఉంటుంది. పడుగుకు కడితే నిలువుగా, పేకకు కడితే అడ్డంగా. ఆ బొమ్మలో పువ్వు చుట్టూ అన్ని వైపులా ఒకే తీరు మసక. పువ్వు ఎడమ రెక్క అంచుకు ఏడు మెట్లు, కుడి రెక్కకు తొమ్మిది. ఏ దారాన్ని ఎక్కడ కట్టాలో అందులో ఎక్కడా లేదు.

దీన్ని కళ అనొచ్చా? అంటే, అది ఎవరిది?

పాలమూరు_కోడర్:
అక్కా, కంప్యూటర్ కళ నిన్నమొన్నటిది కాదు. 1965లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నేస్ కంప్యూటర్ గీతల ప్రదర్శన పెట్టాడు. 1968 నుంచి పారిస్‌లో వేరా మోల్నార్ చతురస్రాలను కొద్దికొద్దిగా కదిలిస్తూ బొమ్మలు వేయించింది. హెరాల్డ్ కోహెన్ 'ఆరన్' అనే ప్రోగ్రామ్‌ను 1970ల నుంచి 2016లో చనిపోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు. వాళ్లు కళాకారులైతే ఇదీ కళే.

ఇప్పటి ఏఐ తీరు మాత్రం వేరు. దానికి కోట్ల బొమ్మలు, వాటి పక్కన రాసిన మాటలు చూపిస్తారు. లయాన్-5బి అనే ఒక్క సేకరణలోనే దాదాపు 585 కోట్ల జతలు ఉన్నాయి. బొమ్మ మీద చుక్కలు చల్లుతూ పోతారు, పాత టీవీలో సిగ్నల్ పోతే కనిపించే చీమల్లాగా. ఏవి చల్లిన చుక్కలో కనిపెట్టడం మెషీన్ నేర్చుకుంటుంది. తర్వాత మనం "పోచంపల్లి చీర, ఎర్ర అంచు" అని రాస్తే, ఉత్త చీమల తెరతో మొదలుపెట్టి, ఆ మాటకు సరిపడేలా చుక్కలు తీసేస్తూ బొమ్మను తేలుస్తుంది. దానికి తెలిసింది చీర ఎలా కనిపిస్తుందో అంతే. మీ నాన్నగారు పట్టుకున్నది సరిగ్గా అదే.

సందుచుక్క:
ఆ పాత కంప్యూటర్ కళనూ, ఈ ఏఐనూ కలపకండి తమ్ముడూ. మన ముగ్గే చూడండి: పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు. ఈ ఒక్క ముక్క చెప్తే మా వీధిలో ఏ ఆడబిడ్డైనా చుక్కలు పెట్టేస్తుంది. ముగ్గులకు వ్యాకరణం ఉందని 1970లలోనే మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి వాళ్లు పరిశోధన పత్రాలు రాశారు. ఆ మోల్నార్ గారైనా మా అత్తమ్మైనా, నియమం ఏంటో అడిగితే చెప్పగలరు. షావుకారును ఆ మెట్లు ఏడెందుకు, తొమ్మిదెందుకు అని అడగండి, ఏం చెప్తాడు?

పాలమూరు_కోడర్:
ఆ మాట ఒప్పుకుంటా. ఎవరిది అనేది పెద్దపెద్దోళ్లకే తేలలేదు. 2018లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఏఐ బొమ్మ ఒకటి 4,32,500 డాలర్లకు పోయింది. దాని కోడ్‌లో చాలా భాగం ఇంకో కుర్రాడు ఊరికే నెట్‌లో పెట్టింది. అమెరికాలో ఒకాయన 624 సార్లకు పైగా మాటలు మార్చి బొమ్మ చేయించానన్నా, 2023లో అక్కడి కాపీరైట్ ఆఫీసు నమోదు చేయనంది.

దేవరకొండ_సార్:
అమ్మా, మన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే మెషీన్ తెచ్చినప్పుడు ఎవరైనా వద్దన్నారా? ఇదీ అలాంటిదే అనుకోవచ్చు కదా.

చిటికి_బిడ్డ:
సార్, మా అమ్మ ఆసు పోసింది. మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి. రాత్రి అన్నం కలుపుకోవడానికి భుజం లేచేది కాదు. మల్లేశం గారి మెషీన్ ఆ నొప్పిని తీసుకుంది, పువ్వు ఎట్లుండాలన్నది మాకే వదిలింది. ఈ ఏఐతో షావుకారు చేస్తున్నది తిరగేసి ఉంది. ఆలోచన ఫోన్‌దట, నొప్పి మాదట. పైగా అది చూసి నేర్చుకున్న చీరల్లో మా ఊరివి ఎన్ని ఉన్నాయో ఎవరైనా లెక్క చెప్పారా? నాకు కోపం మెషీన్ మీద లేదు, ఆ "పైసలు ఉండవు" అన్న మాట మీద.

నాన్న రాత్రి గ్రాఫ్ కాగితం తీశాడు. ఆ పువ్వునే తీసుకుని, రెండు రెక్కలకూ ఎనిమిదేసి మెట్లు పెట్టి, గడి గడికీ రంగు నింపుతున్నాడు. సగం అయింది. ఈ కాగితానికి పైసలు ఇస్తేనే చిటికి మొదలుపెడతామని షావుకారుకు ఫోన్ చేసి చెప్పాను. రేపు పొద్దున వస్తానన్నాడు.