మొదటి యోగా క్లాసు: షుగర్, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ముందుగా ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
వచ్చే సోమవారం నుంచి మా కాలనీ కమ్యూనిటీ హాల్లో యోగా క్లాసు మొదలు. పొద్దున 5:45 నుంచి 6:45 దాకా. నాకు 52 ఏళ్ళు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన బిళ్ళ, బీపీకి ఒక బిళ్ళ వాడుతున్నాను. రెండూ అదుపులోనే ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. యోగా ఎప్పుడూ చేయలేదు. ఖాళీ కడుపుతో రమ్మన్నారు, నాకు అది పనికొస్తుందా? మ్యాట్ ఎలాంటిది కొనాలి? పంజాబీ డ్రెస్‌తో చేయొచ్చా? మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనంలో కూర్చోలేను, మరి అప్పుడేం చేయాలి?

యోగా టీచర్:
ముందు షుగర్ సంగతి తేల్చుకోండి, మ్యాట్ తర్వాత చూడొచ్చు. ఖాళీ కడుపు అన్నమాట అందరికీ ఒకేలా వర్తించదండీ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ని బయటికి తెప్పిస్తుంది. ఆ బిళ్ళ వేసుకుని, ఏమీ తినకుండా గంటసేపు ఒళ్ళు వంచితే షుగర్ పడిపోవచ్చు. చాలామంది అలవాటుగా లేవగానే బిళ్ళ మింగి క్లాసుకి వచ్చేస్తారు. ఆ పొరపాటు చేయకండి. క్లాసు వేళ చెప్పి, బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్‌ని ఈ వారంలోనే అడగండి.

లేవగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 100 కన్నా తక్కువ ఉంటే ఒక చిన్న అరటిపండో, మూడు మారీ బిస్కెట్లో తిని 20 నిమిషాలాగి బయల్దేరండి. 70 కన్నా తక్కువ ఉంటే ఆ రోజు క్లాసు లేదనుకోండి, వెంటనే గ్లూకోజ్ తీసుకోండి. సంచిలో గ్లూకోజ్ పొడి పొట్లం ఉండాలి. మూడు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. చిక్కేమిటంటే, షుగర్ పడిపోయినప్పుడు పట్టే చెమటని వ్యాయామం చెమట అనుకుంటారు. చెమట చల్లగా ఉండి, చేతులు వణికి, ఉన్నట్టుండి ఆకలి దంచేస్తే అది షుగర్ పడిపోవడమే. మొహమాటపడకుండా కూర్చుని తాగేయండి.

షుగర్ లేనివాళ్ళకైతే లెక్క సులువు. భోజనం తర్వాత మూడు నాలుగు గంటలు, రెండు ఇడ్లీల్లాంటి టిఫిన్ తర్వాత రెండు గంటలు ఆగాలి. పూరీ, వడ తింటే ఇంకా ఎక్కువే. ముందు రోజు రాత్రి శనగలు, చిక్కుడు గింజలు మానుకోండి. కడుపులో గాలిని వదిలించే ఆసనానికి పవనముక్తాసనం అన్న పేరు ఊరికే రాలేదు.

మరో సభ్యుడు:
మ్యాట్ విషయంలో ఒక మాట. మోకాలి నొప్పి కాబట్టి 10 మి.మీ. మందంది తీసుకోండి. మెత్తగా ఉంటుంది.

ఫిజియో:
అక్కడే చాలామంది పొరబడతారండీ. ఆ 10 మి.మీ. మెత్తటి ఫోమ్ మ్యాట్ పడుకుని చేసే కసరత్తులకి బాగుంటుంది. నిలబడి చేసే ఆసనాల్లో పాదం అందులో దిగబడి చీలమండ అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడు మోకాలి మీదికే వస్తుంది. చేతుల మీద బరువు పెట్టినప్పుడు మణికట్టు దగ్గరి అరచేతి భాగం దిగిపోయి మణికట్టు ఇంకా ఎక్కువ వంగుతుంది. 6 మి.మీ. చాలు. మోకాలు ఆనించాల్సి వస్తే దాని కింద తువ్వాలు నాలుగు మడతలేసి పెట్టుకోండి.

మామూలు కొలత 68 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు. మీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు దాటితే 72 అంగుళాలది అడగండి, లేకపోతే వెల్లకిలా కదలకుండా పడుకునే శవాసనంలో తలో కాళ్ళో నేల మీద ఉంటాయి. కొత్త పీవీసీ మ్యాట్ మీద జిడ్డులాంటి పూత ఉండి జారుతుంది. బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కల షాంపూ వేసి, గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి నీడలో ఆరేయండి. రబ్బరు మ్యాట్ అయితే ఎండ అసలు తగలకూడదు, పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఇంట్లో జంపఖానా ఉంటే కూర్చుని చేసేవాటికి అదే భేషుగ్గా పనికొస్తుంది. టైల్స్ మీద మాత్రం ఒట్టి జంపఖానా వేసి నిలబడొద్దు.

అడిగినావిడ:
చాలా థాంక్సండీ. బట్టల సంగతి, వజ్రాసనం సంగతి కూడా చెప్పరా?

యోగా టీచర్:
పంజాబీ డ్రెస్ పనికొస్తుంది, చున్నీ మాత్రం ఇంట్లో వదిలేయండి. ప్యాంటు పాదం కిందికి వచ్చేంత పొడవుంటే తొక్కి జారతారు. చీలమండ దగ్గర బిగుతుగా ఉండేది మంచిది. టాప్ మోకాళ్ళ దాకా ఉంటే ముందుకు వంగినప్పుడు ముఖం మీద పడుతుంది. పక్క చీలికల దగ్గర రెండు కొసలూ పట్టి నడుం దగ్గర ముడేసుకోండి. సాక్సులు వద్దు, జారతాయి.

క్లిప్పు తల వెనక పెట్టుకోకండి, వెల్లకిలా పడుకోగానే గుచ్చుకుంటుంది. జడ వేసి పక్కకి వేసుకోవడం ఉత్తమం. పొడవాటి నల్లపూసలు, మంగళసూత్రం ఉంటే, బోర్లా పడుకుని ఛాతీ పైకి లేపే భుజంగాసనంలో రొమ్ముకీ నేలకీ మధ్య నలిగి నొప్పి పుట్టిస్తాయి. టాప్ లోపల భుజం వైపుకి జరిపి పిన్ను పెట్టుకోండి. మెట్టెలు తీయక్కర్లేదు, కాలివేళ్ళు లోపలికి మడిచి బరువు వేసేటప్పుడు కాస్త చూసుకుంటే చాలు.

ఫిజియో:
వజ్రాసనంలో నొప్పి ఎక్కడ పుడుతుందో ముందు కనిపెట్టండి, ఉపాయం దాన్నిబట్టే. పాదం పైభాగం, చీలమండ ముందు వైపు లాగుతుంటే తువ్వాలు చుట్టచుట్టి చీలమండ కింద పెట్టండి. మోకాలి వెనక ఒత్తుకుపోతుంటే పిరుదులకీ మడమలకీ మధ్య దిండు పెట్టి కూర్చోండి, మోకాలు అంతగా మడవాల్సిన పని ఉండదు. నొప్పి మోకాలి చిప్ప కిందో, కీలు లోపలో పొడిచినట్టుంటే వజ్రాసనం మానేయండి. దిండు పెట్టినా వద్దు. కాళ్ళు చాపుకునో కుర్చీలోనో కూర్చోండి. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది కదా, ముందే ఒకటి పక్కన వేసుకోండి.

బాసింపట్టు వేసినప్పుడు మోకాళ్ళు తుంటి కన్నా ఎత్తులో ఉంటే నడుం వెనక్కి కూలబడుతుంది, పది నిమిషాల్లో కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. దుప్పటి మడిచి మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసి దాని అంచున కూర్చోండి. ఇది సిగ్గుపడాల్సిన పని కాదు, ఎన్నో ఏళ్ళుగా చేసేవాళ్ళూ ఇలాగే కూర్చుంటారు.

ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో రెండో పాదాన్ని మోకాలి పక్కన ఆనించకండి. పిక్క మీదైనా పెట్టండి, తొడ మీదైనా పెట్టండి, మధ్యలో వద్దు. మోకాలు మడవడానికీ చాపడానికీ పనికొస్తుందే గానీ పక్క నుంచి తోస్తే తట్టుకోలేదు.

అడిగినావిడ:
మొదటి రోజే ఏమేం చేయిస్తారు? ఊపిరిని గట్టిగా బయటికి కొట్టే కపాలభాతి కూడా ఉంటుందంటున్నారు.

యోగా టీచర్:
ఎక్కువచోట్ల ఆయుష్ మంత్రిత్వ శాఖ వాళ్ళ 45 నిమిషాల ప్రోటోకాల్‌నే, అంటే వాళ్ళు నిర్ణయించిన యోగా క్రమాన్నే, కాస్త అటూ ఇటూ మార్చి చేయిస్తారు. ఏటా జూన్ 21న యోగా దినోత్సవం నాడు చేయించేది అదే. మెడ, భుజాలు, నడుం తిప్పడంతో మొదలై నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా చేసే ఆసనాలు, శవాసనం, ఆ తర్వాత ప్రాణాయామం, ధ్యానం. మెడ తిప్పేటప్పుడు తల పూర్తిగా వెనక్కి వాల్చి గిరగిరా తిప్పొద్దు. స్పాండిలైటిస్ (మెడ ఎముకల నొప్పి జబ్బు) ఉన్నవాళ్ళు ముందు వైపు అర చక్రం తిప్పితే చాలు.

మీకు ముఖ్యమైంది, నిలబడి ముందుకు వంగే పాదహస్తాసనం. బీపీ బిళ్ళ వాడేవాళ్ళు వంగి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరగొచ్చు. మోకాళ్ళు కొద్దిగా మడిచి, చేతులు తొడల మీద ఆనించి, నడుం తర్వాత భుజాలు, ఆఖర్న తల లేపండి. అరచేతులు నేలకి ఆనాలన్న పట్టుదల వద్దు. ఆనలేదంటే తొడల వెనక కండరం బిగుసుకుని ఉందని అర్థం. దాన్ని ఓడించాలని మోకాళ్ళు బిగించి నడుం గుండ్రంగా వంచితే ఆ లాగుడంతా వెన్ను డిస్కుల మీద పడుతుంది.

కపాలభాతి ప్రోటోకాల్‌లో 20 చొప్పున మూడు విడతలు ఉంది. బీపీ ఉంది కాబట్టి డాక్టర్ సరేననే దాకా ఆ కాసేపు మామూలుగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చోండి. గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ, కడుపులో పుండు ఉన్నవాళ్ళకీ ఇదే మాట. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు తల కిందికి వాల్చి ఉంచే ఆసనాలు వేయకూడదు. కపాలభాతి చేయదగినవాళ్ళు బొడ్డు మీద చేయి పెట్టి చూసుకోవాలి. ఊపిరి వదిలినప్పుడు పొట్ట లోపలికి పోవాలి. చాలామందికి ఉబ్బుతుంది, పైగా భుజాలు ఎగురుతాయి. అలా చేస్తే కపాలభాతి కాదు, ఉత్త ఆయాసం.

సూర్య నమస్కారాలు చేయిస్తే మొదటి వారం రెండు చాలు. పన్నెండూ మొదటి రోజే చేసి మర్నాడు మెట్లు దిగలేక మానేసేవాళ్ళే ఎక్కువ.

మరో సభ్యుడు:
క్లాసుకి ముందు స్నానం తప్పనిసరా? మా ఇంట్లో పెద్దవాళ్ళు తప్పదంటారు.

యోగా టీచర్:
చేసి వస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, తప్పనిసరి మాత్రం కాదు. విరేచనం, మూత్రం మాత్రం ముందే అయిపోవాలి. క్లాసయ్యాక స్నానానికీ టిఫిన్‌కీ 20 నుంచి 30 నిమిషాలు ఆగమంటుంది ప్రోటోకాల్. ఈ షుగర్ మేడంగారు మాత్రం టిఫిన్‌కి అరగంట మించి ఆలస్యం చేయకూడదు.

ఫిజియో:
మర్నాటి నొప్పుల గురించి కూడా. తొడలు, పొట్ట, భుజాల కండలు ఒకటి రెండు రోజులు సలుపుతాయి, అది మామూలే. గోరువెచ్చని నీళ్ళ స్నానం, కాస్త నడక చాలు. కీలు వాచినా, నొప్పి ఒక్క చోటే గుచ్చినట్టున్నా, కాల్లోకి కరెంటు పాకినట్టున్నా క్లాసు ఆపి డాక్టర్‌కి చూపించండి.

అడిగినావిడ:
చివరిగా ఒకటి. టీచర్‌కి ఇదంతా అందరి ముందూ చెప్పాలంటే ఇబ్బంది. ఎప్పుడు చెప్పను?

యోగా టీచర్:
పది నిమిషాలు ముందు వెళ్ళండి. షుగర్, బీపీ, కుడి మోకాలు, వాడే బిళ్ళల పేర్లు చిన్న చీటీ మీద రాసి చేతికివ్వండి. నోటితో చెబితే ముప్పై మందిలో మర్చిపోతారు. మ్యాట్ మొదటి వరుసలో వేయొద్దు, చూసి చేయడానికి ముందు ఎవరూ ఉండరు. చివరి వరుసలో టీచర్ పాదాలు కనబడవు. రెండో వరుసలో గోడ పక్కన వేసుకోండి, వృక్షాసనంలో ఒక చేయి గోడకి ఆనించొచ్చు. కుర్చీ కూడా ఆ గోడకే చేరేసి ఉంచుకోండి.