మరియమ్మను ప్రార్థించమని అడిగితే ఆరాధించినట్టేనా? మా తోడికోడలికి ఎలా చెప్పాలి?

నేను కతోలికురాలిని, మా తోడికోడలు పెళ్లికి ముందు నుంచీ ప్రొటెస్టెంట్ సంఘానికే వెళ్తుంది. మొన్న నేను జపమాల చెబుతుంటే పక్కనే కూర్చుని పూసలు లెక్కపెట్టింది. ఒక్క పరలోక జపానికి పది మంగళవార్త జపాలు చెబుతున్నావు కదక్కా, దేవుడికంటే మరియమ్మకే ఎక్కువ ఆరాధన చేస్తున్నట్టు కాదా అంది. ఆ క్షణాన నాకు నోట మాట రాలేదు.

తర్వాత నాకు తెలిసింది చెప్పాను. మరియమ్మను ఉద్దేశించి చెప్పే ఆ మంగళవార్త జపంలో మొదటి సగం లూకా 1వ అధ్యాయంలో గబ్రియేలు దూత, ఎలిజబేతమ్మ పలికిన మాటలే, రెండో సగంలో అడిగేది "మా కొరకు ప్రార్థించండి" అనే కదా, ఆరాధన దేవుడికి ఒక్కడికే. 431లో ఎఫెసులో జరిగిన బిషప్పుల మహాసభ మరియమ్మను దేవమాత అన్నది కూడా ఆమె కడుపున పుట్టినవాడు నిజంగా దేవుడని చెప్పడానికే అన్నాను. దీనికి ఒప్పుకుంది.

కానీ 1 తిమోతి 2:5 దగ్గర ఆగిపోయాం. మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అంటుంది. అదే అధ్యాయం మొదటి వచనంలో అందరి కోసం విజ్ఞాపనలు చేయమని పౌలే చెప్పాడు కదా అంటే, అది బతికున్నవాళ్ల సంగతి, చనిపోయినవాళ్లకు మన మాట ఎలా వినిపిస్తుంది అంటోంది. ప్రకటన గ్రంథం 5:8లో పరలోకంలోని పెద్దలు పరిశుద్ధుల ప్రార్థనలు ధూపంలా పట్టుకుని ఉండటం చూపించాను, అది చాలదంది.

ఈ ఒక్క ప్రశ్నకు బైబిల్ నుంచే ఎలా జవాబు చెప్పాలో తెలిసినవాళ్లు దయచేసి రాయండి. తనతో గొడవ వద్దు, తను నాకు చెల్లెలి లాంటిది, కానీ మా అమ్మ నేర్పిన జపాన్ని విగ్రహారాధన అంటే మాత్రం మనసుకు చాలా కష్టంగా ఉంది.