పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి బెంగళూరుకు కారా, రైలా? ఫోన్ చూపించే టైమ్ నమ్మొచ్చా?

మెట్టుగడ్డ: చెల్లెలికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఎలక్ట్రానిక్ సిటీలో రూమ్. అమ్మానాన్నలను తీసుకెళ్లి చూపించాలి. ఐదొందల కిలోమీటర్లు దాటుతుంది. ఫోన్‌లో కారుకు ఎనిమిది గంటలు చూపిస్తోంది. మా మామ వందే భారత్ ఎక్కమంటున్నాడు. ఏది తొందరగా చేరుతుంది?

బీచుపల్లి: కారే. భూత్పూర్ దగ్గర 44వ నంబర్ హైవే ఎక్కితే కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా నేరుగా పోవడమే. తెల్లారక ముందే బయల్దేరండి, అనంతపురంలో టిఫిన్ చేయొచ్చు.

రాయచూర్ లైన్: అన్నా, ఆ టిఫిన్ టైమ్ ఫోన్ లెక్కలో లేదు. అది బండి ఎక్కడా ఆపకుండా నడిపితే పట్టే టైమ్. పెద్దవాళ్లున్నప్పుడు ప్రతి రెండు గంటలకూ ఆపాల్సిందే. బెంగళూరు ఉత్తరం కొసన ఉన్న హెబ్బాల్ దాకా హాయిగానే వెళ్తారు. ఆ తర్వాత ఊరు మొత్తం అడ్డంగా దాటాలి, ఎలక్ట్రానిక్ సిటీ దక్షిణం కొసన ఉంది. ఆ ట్రాఫిక్‌కు ఎవరి దగ్గరా లెక్క లేదు.
వందే భారత్ పొద్దున ఏడింటి ప్రాంతంలో మన స్టేషన్‌కు వస్తుంది, మధ్యాహ్నం రెండు ప్రాంతంలో బెంగళూరు యశ్వంత్‌పూర్‌లో దింపుతుంది. అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, ఆర్‌వీ రోడ్‌లో యెల్లో లైన్‌కు మారితే ఎలక్ట్రానిక్ సిటీ. ఆ యెల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. అంతకు ముందైతే నేనూ కారే అనేవాణ్ని.

బీచుపల్లి: నాలుగైదు చోట్ల మాత్రమే ఆగే రైలుకు కూడా ఏడు గంటలా! గంటకు డెబ్బై కిలోమీటర్లు. మన ఎక్స్‌ప్రెస్ బస్సు నయం.

రాయచూర్ లైన్: తప్పు రైలుది కాదు, పట్టాలది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్లు డబ్లింగ్, అంటే రెండో లైన్ వేయడం, అయింది. ఇక్కణ్నుంచి డోన్ దాకా డబ్లింగ్‌కు కేంద్రం 2023 ఆగస్టులోనే ఒప్పుకుంది. ఒకే లైన్ ఉన్నచోట ఎదురు బండి వస్తే ఏదో ఒకటి ఆగాలి కదా. అయినా గంటకు డెబ్బై అంటే ఆగిన టైమ్ కూడా కలిపి. మీ కారును కూడా అలాగే లెక్కేయండి, ఎంతొస్తుందో చూద్దాం.

జడ్చర్ల చౌరస్తా: విమానం సంగతి ఎవరూ ఎత్తలేదేం? గాల్లో ఉండేది గంటంపావు.

బీచుపల్లి: దక్షిణానికి పోవడానికి ముందు ఉత్తరాన శంషాబాద్‌కు పోవాలా? అక్కడ రెండు గంటల ముందే ఉండాలి. దిగేది దేవనహళ్లిలో, అది ఊరికి ఉత్తరాన. మళ్లీ అదే హెబ్బాల్ ట్రాఫిక్. రాయచూర్ తమ్ముడితో నాకు కుదిరే మాట ఇదొక్కటే.

మెట్టుగడ్డ: సామాన్లున్నాయి. పరుపు, కుక్కర్, రెండు సూట్‌కేసులు.

బీచుపల్లి: అది ముందే చెప్పాల్సింది! పరుపుతో మెట్రో మారతారా?

రాయచూర్ లైన్: పరుపు అక్కడే కొనుక్కోవచ్చు. రైలు కుదరకపోయేది ఒక్కచోటే: పొద్దున వెళ్లి అదే రోజు రావాలంటే. ఆ బండి చేరిన గంట లోపే కాచిగూడకు తిరిగి బయల్దేరుతుంది. ఒక రాత్రి చెల్లెలి దగ్గర ఉంటారంటే టికెట్ తీయండి. వారంలో ఒక రోజు ఆ బండి ఉండదు, అది చూసుకోండి.

మెట్టుగడ్డ: ఉంటాం. కుక్కర్ మాత్రం అమ్మ వదలదు.