ఎం77 నడిమధ్య: ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ, రేడియో బొమ్మ ఎందుకు అతకట్లేదు?

వేగుచుక్క:
మొన్న డాబా మీంచి 8 అంగుళాల టెలిస్కోపులో ఎం77 గెలాక్సీ చూశా. అంతా మసక, మధ్యలో మాత్రం సూదితో పొడిచినట్టు ఒక చుక్క. 4.7 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి ఆ చుక్కలో ఏముందోనని నెట్‌లో బొమ్మలు దించుకున్నా. రేడియోలో అటూ ఇటూ సాగిన జెట్ (బ్లాక్ హోల్ దగ్గర్నుంచి చిమ్మే ధార) ఉంది, ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే వంకరటింకర మరక. ఫోన్లో ఒకదాని మీద ఒకటి పెట్టి ఎంత జరిపినా అతకలేదు. ఉన్నది ఒకే బ్లాక్ హోల్ కదా, మరి ఇదేంటి?

పాతరేడియో:
ముందు స్కేలు చూశారా అండీ? జెట్ బొమ్మ వందల కాంతి సంవత్సరాలది, ఆ మరక కొన్నే. జిల్లా మ్యాపు మీద ఇంటి ప్లాను పెట్టి గుమ్మం ఎక్కడని వెతుకుతున్నారు. పైగా రెండిట్లో కనిపించే సరుకే వేరు. జెట్ వెలిగేది అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల, ఇన్‌ఫ్రారెడ్‌ది వేడెక్కిన ధూళి. ఆ ధూళి 1500 కెల్విన్ దగ్గర ఆవిరైపోతుంది కాబట్టి బ్లాక్ హోల్‌కి ఆనుకుని ఉండనే ఉండదు, కాస్త ఎడంగా మొదలవుతుంది.

చీకటిమబ్బు:
స్కేలు సరిచేసినా తంటా తీరదు. చిలీలోని పరానల్‌లో నాలుగు 8.2 మీటర్ల టెలిస్కోపుల వెలుగు కలిపి తీసిన బొమ్మల్లో ఆకారం వస్తుంది గానీ, ఆకాశంలో అది కచ్చితంగా ఎక్కడుందో రాదు. అందుకే రేడియో మ్యాపు మీద దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. 2020లో అక్కడి గ్రావిటీ అనే పరికరం బృందం 2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర 0.24 పార్సెక్‌ల (సుమారు 0.8 కాంతి సంవత్సరం) వ్యాసార్థంతో ఉంగరం లాంటిది చూసి, బ్లాక్ హోల్ దాని మధ్యలోనే ఉందని, దట్టమైన ధూళి వలయం అక్కర్లేదని అంది. 2022లో అక్కడిదే మేటిస్ అనే మరో పరికరం వాళ్లు 3 నుంచి 13 మైక్రాన్ల వరకు చూసి, ధూళి ఎక్కడ ఎంత వేడిగా ఉందో లెక్కగట్టి, రేడియో మ్యాపుతో పోల్చి, కాదు, అది దట్టమైన ధూళి పట్టీ వెనక దాక్కుందన్నారు. నేనైతే వీళ్ల వైపే. 1985లోనే ధ్రువణ కాంతిలో, అంటే దేనికో తగిలి చెదిరి మన వైపు వచ్చిన వెలుగులో, ఈ గెలాక్సీ వెడల్పు వర్ణరేఖలు (బ్లాక్ హోల్ దగ్గర వేగంగా తిరిగే వాయువు గుర్తులు) బయటపడ్డాయి, అంటే నేరుగా కనిపించనిది ఏదో అడ్డు వెనక ఉన్నట్టే కదా.

వేగుచుక్క:
ఇంటి ప్లాను దెబ్బ గట్టిగానే తగిలింది పాతరేడియో గారూ 😄 మరి నా బొమ్మలో వేలు ఎక్కడ పెట్టాలి?

చీకటిమబ్బు:
రేడియోలో ఎస్1 అని రాసిన ముద్ద మీద. దాని చుట్టూ 22 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి మేజర్లు (లేజర్‌లా రేడియో తరంగాలు వెలువరించే మబ్బులు) తిరుగుతున్నాయి, ఆ వేగాల నుంచే బ్లాక్ హోల్ బరువు సుమారు కోటి సూర్యులని లెక్క తేలింది. రేడియోకి ధూళి అడ్డం కాదు, కాబట్టి ముందు ఎస్1ని కదలకుండా పెట్టుకుని, దాని మీదికి ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ తెండి. మేటిస్ వాళ్ల ప్రకారం పెడితే మీ వేలు బాగా మెరిసే చోట పడదు, పక్కనున్న నల్లటి పట్టీ మీద పడుతుంది.