వేక్‌బోర్డింగ్ బోటుకి బల్లాస్ట్: అడుగున చిల్లు పెట్టించాలా, సంచులూ పంపూ చాలా?

రుషికొండ రైడర్:

ముగ్గురు స్నేహితులం కలిసి నిరుడు ఒక సెకండ్ హ్యాండ్ వి-డ్రైవ్ బోటు కొన్నాం. 21 అడుగులు, వెనక సీటు కింద పెట్రోలు ఇంజను. పొద్దున్నే ఆరింటికి నీళ్లలో దింపి, గాలి లేచేలోపు బయటికి తీసేస్తాం. బోటు బాగానే ఉంది, దాని వెనక లేచే కెరటమే (వేక్ అంటారు) బాగాలేదు. గంటకి 35 కిలోమీటర్ల స్పీడులో మోకాలెత్తు కూడా రావట్లేదు. 20 మీటర్ల తాడు చివర పలక మీద నిలబడి ఆ కెరటం మీంచి ఎగరడమంటే స్పీడ్ బ్రేకర్ మీద సైకిలు ఎగరేసినట్టే.

అందుకని నీటి బల్లాస్ట్, అంటే బోటు బరువు పెంచే నీళ్ల సంచులు, పెట్టిద్దామనుకున్నాం. వెనక రెండు పక్కలా చెరో 400 లీటర్ల సంచి, ముందు సీట్ల కింద 300. మొత్తం 1,100 లీటర్లు. ఇంతవరకూ ముగ్గురిదీ ఒకే మాట. తగువంతా నింపడం దగ్గరే. అడుగున చిల్లులు పెట్టించి, రెండు వైపులా తిరిగే ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల) పంపులు మూడు బిగిద్దామని నేనంటాను. స్విచ్చి ఇటు నొక్కితే నిండాలి, అటు నొక్కితే ఖాళీ అవ్వాలి. మావాడొకడు చిల్లు మాటెత్తితే చాలు, తన వాటా డబ్బులు వెనక్కిమ్మంటున్నాడు. పోర్టబుల్ పంపు పక్కనుంచి నీళ్లలోకి వేలాడదీసి సంచులు నింపుకుంటే సరిపోదా అని వాడి వాదన. మూడోవాడు ఎటూ తేల్చడు, ఖర్చు మాత్రం తగ్గించమంటాడు. మీరేమంటారు?

బీచ్ రోడ్ బద్ధకం:

నాకో డౌటు. నీళ్లలో తేలే బోటులో మళ్లీ నీళ్లే పోస్తే బరువెలా పెరుగుతుంది? బావిలో బిందె మునిగున్నంతసేపూ బరువు తెలీదు కదా. నాలుగు ఇసుక బస్తాలు పడేస్తే పోలా? పంపులూ వద్దు, వైర్లూ వద్దు.

షిప్‌యార్డ్ రిటైర్డ్:

బాబూ, బిందె పోలిక బాగుంది కానీ సగమే నిజం. నీ బిందె బావి నీళ్లలో ఉంది. వీళ్ల సంచి బోటు లోపల, గాలి ఉండాల్సిన చోట ఉంది. ఆ బిందెనే తీసి పడవలో పెట్టు, పడవ కిందికి దిగుతుంది. 400 కిలోలు పెడితే ఇంకో 400 కిలోల నీటిని పక్కకి తోస్తేనే బోటు తేలుతుంది. సముద్రపు నీళ్లు మంచినీళ్ల కంటే లీటరుకి పాతిక గ్రాములు ఎక్కువ తూగుతాయి కాబట్టి ఆ సంచి 410 అనుకో. అలా పక్కకి తోసిన నీరే వెనక కెరటమై లేస్తుంది.

నీ మాటలో నిజమున్న సగం ఇంకోచోట పనికొస్తుంది. ఖర్మకాలి బోటు నిండా నీళ్లొచ్చాయనుకో. అప్పుడు సంచిలో నీళ్లూ బయటి నీళ్లూ ఒకటే, అవి బోటును కిందికి లాగవు. ఇసుక బస్తా, సీసం దిమ్మ అలా ఊరుకోవు, తేలాల్సినదాన్ని కూడా పట్టుకుని అడుక్కి పోతాయి. పైగా నీటినైతే ఒడ్డుకొచ్చేముందు తోడి పారెయ్యొచ్చు.

ఇక చిల్లు సంగతి. ముప్పై ఏళ్లు ఓడల పొట్టల్లో పైపులు బిగించినవాణ్ణి, చిల్లంటే నాకు భయం లేదు. ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా పెట్టిన చిల్లంటేనే భయం. అయినా మూడు పంపులకి మూడు చిల్లులు దేనికి? ఒక్కటి చాలు. కాస్త పెద్ద త్రూ-హల్ ఫిట్టింగ్ (చిల్లులో బిగించే గొట్టం), దాని మెడ మీదే బాల్ వాల్వ్, అక్కణ్ణించి మేనిఫోల్డ్ వేసి మూడింటికీ పంచు. ఫిట్టింగ్ కంచుదై ఉండాలి. ఇత్తడిది పెడితే ఉప్పునీళ్లకి అందులో జింకు పోతుంది. పైకి ఆకారం అలాగే ఉంటుంది, స్పానర్ పెట్టగానే బిస్కెట్టులా విరుగుతుంది. చిల్లు పెట్టేచోట మొత్తం గట్టి ఫైబరేనా, మధ్యలో చెక్కో ఫోమో ఉందా ముందే చూడు. ఉంటే అంచు చుట్టూ తవ్వి ఎపాక్సీతో మూసెయ్యాలి. లేకపోతే ఆ చెక్క నీళ్లు పీల్చుకుని లోలోపలే కుళ్లుతుంది. సంచులు నిండగానే వాల్వ్ మూసెయ్యాలి. ఈ ఒక్క పని మర్చిపోయే మనుషులైతే చిల్లు జోలికి పోకండి.

బీచ్ రోడ్ బద్ధకం:

ఇంజను చల్లబడ్డానికి నీళ్లు లాగే పైపు ఎలాగూ ఉంటుంది కదా మాస్టారూ. దానికో టీ జాయింటు వేస్తే కొత్త చిల్లే అక్కర్లేదు.

షిప్‌యార్డ్ రిటైర్డ్:

వద్దు. తాగుతున్నవాడి చేతిలో గ్లాసు లాక్కోవడం అది. పంపులు లాగుతుంటే ఇంజనుకి నీళ్లు చాలవు. ముందు దాని ఇంపెల్లర్ కాలుతుంది, తర్వాత ఎగ్జాస్ట్ గొట్టాలు, తర్వాత మీ జేబులు.

కరెంటు కాకా:

అందరూ నీళ్ల గురించే మాట్లాడుతున్నారు, నేను నిప్పు గురించి చెప్తాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, వచ్చి బోటు అడుగునే కూర్చుంటుంది. మీ పంపులు కూడా అక్కడే. మామూలు మోటారులో బ్రష్షుల దగ్గర పుట్టే చిన్న మెరుపు చాలు. ఇంజను గదిలోకి వెళ్లే ప్రతి వస్తువు మీదా ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ (లోపలి మెరుపు బయటి ఆవిరిని అంటించదు) అని ఉండాలి. కార్ల స్పేర్ పార్టుల షాపులో దొరికే రిలేలు తెచ్చి అక్కడ బిగించకండి. పంపు వేసేముందు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నాలుగు నిమిషాలు తిప్పండి.

ఇప్పుడు లెక్క. ఇలాంటి పంపు ఒక్కోటి సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. మూడూ ఒకేసారి వేస్తే 45. నిమిషానికి 45 లీటర్లు తోడే పంపుతో 400 లీటర్ల సంచి నిండడానికి దగ్గర దగ్గర తొమ్మిది నిమిషాలు. ఇంజను ఆపేసి, స్పీకర్లలో పాటలు పెట్టుకుని నింపితే బ్యాటరీ పడుకుంటుంది. రోడ్డు మీద కారయితే నలుగుర్ని పిలిచి తోయించొచ్చు, సముద్రంలో ఎవర్ని పిలుస్తారు? కాబట్టి ఇంజను ఐడిల్‌లో ఉండగానే నింపాలి. పంపుకో ఫ్యూజు, అదీ బ్యాటరీ దగ్గరే. వైరు తగరం పూసిన రాగిది. ఇంట్లో మిగిలిన వైరు వాడితే మన ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కిపోతుంది.

ఇంకోటి, ఇంపెల్లర్ పంపు పొడిగా తిరిగితే పాడైపోతుంది. సంచి ఖాళీ అయ్యాక కూడా స్విచ్చి ఆపడం మర్చిపోతే రబ్బరు రెక్కలు పోయినట్టే. టైమర్ పెట్టించండి.

రుషికొండ రైడర్:

చవకలో ఏరేటర్ పంపులు దొరుకుతున్నాయి కదా కాకా? అవి పొడిగా తిరిగినా కాసేపు తట్టుకుంటాయట.

కరెంటు కాకా:

తట్టుకుంటాయి. కానీ వాటికి నీళ్లు పైకి పీల్చుకునే శక్తి లేదు, నీటిమట్టం కంటే కిందే బిగించాలి. పైపులో గాలి చేరితే గిర్రున తిరుగుతాయి తప్ప చుక్క ఎక్కదు. పైగా ఆపేశాక దారి తెరిచే ఉంటుంది. బోటు పరిగెడుతుంటే బయటి నీళ్లు వాటంతటవే లోపలికి తోసుకురావచ్చు, లేదా సంచిలోవి సైఫన్ అయి బయటికి పోవచ్చు. పైపును నీటిమట్టానికి బాగా పైకి వంచి, ఆ వంపులో గాలి రంధ్రం పెట్టాలి. పంపులో మిగిలిన డబ్బు ప్లంబింగులో పోతుంది.

భీమిలి బాబాయి:

నేను చిల్లు పార్టీలో ఉండి బయటికొచ్చినవాణ్ణి. ఒక వర్క్‌షాపులో పెట్టించాను, పేరెందుకులెండి. కంచు ఫిట్టింగుకి డబ్బు తీసుకుని, ఇంటి కుళాయికి వాడే ఇత్తడి వాల్వ్ బిగించారు. పసుపు రంగులో ఉంటే చాలు, నాకెలా తెలుస్తుంది? ఒకరోజు రాత్రి బోటు లంగరు మీద వదిలి ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున వచ్చేసరికి వెనక సగం నీళ్లలో. లోపలి నీళ్లు తోడే ఆటోమేటిక్ పంపు పాపం రాత్రంతా పనిచేసింది, బ్యాటరీ అయిపోయేదాకా.

ఇప్పుడు సంచులూ పోర్టబుల్ పంపే. అందులోనూ సుఖం లేదులెండి. ఓసారి గొట్టం సంచి మూతిలోంచి జారిపోయింది, నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఓ వంద లీటర్లు శుభ్రంగా కార్పెట్ మీద పోశాను.

రుషికొండ రైడర్:

సారీ బాబాయ్, కానీ మీ బోటు రాత్రుళ్లు నీళ్లలోనే ఉండేది. మాది ట్రెయిలర్ మీద ఇంటికొచ్చేస్తుంది. చిల్లు కారినా మా వీధి తార్రోడ్డు మీద కారుతుంది. తేడా లేదా?

భీమిలి బాబాయి:

ఉంది, కాదనను. మరి నీళ్లలో ఉండే ఆ మూడు గంటల్లో విరిగితే?

మర బోటు మనవడు:

ఏటి గురూ, అందరూ ఆ చిల్లు చుట్టూనే తిరుగుతున్నారు. మా తాత మర బోటు సారంగు, అంటే బోటు నడిపే పెద్ద. ఫిషింగ్ హార్బర్లో పెరిగాను, చెప్తాను వినండి. చిల్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు అణియం (బోటు ముందు భాగం) దగ్గర ఆ 300 లీటర్లు ఎవరు పెట్టమన్నారు?

మీ బోటు ముందు తెరిచి ఉంటుంది, మనుషులు కూర్చోడానికి. తాడు వదిలేసి పడ్డవాడి కోసం మీరు వేగం తగ్గించి వెనక్కి తిరుగుతారు. ఎదురుగా వచ్చేది మీ కెరటమే. వేగం తగ్గగానే ముందు భాగం దిగుతుంది, అక్కడ 300 కిలోలు, ఇద్దరు మనుషులు. ఒక్క కెరటం లోపలికొస్తే అదీ బరువే, రెండోదానికి ఇంకా దిగుతుంది. అమరంలో (వెనక భాగంలో) ఎంత పెట్టుకున్నా ఇంజను ఈడుస్తుంది, వేగం ఎక్కదు, మీకే తెలిసిపోతుంది. అణియం బరువు ముందుగా చెప్పదు.

ఇంకోటి, సగం నిండిన సంచి తాగినోడితో సమానం. బోటు ఎటు ఒరిగితే అటే ఒరుగుతుంది. మా బోట్లలో ఐసు గదికి పలకలు అడ్డం వేసేది అందుకే, లోపల సరుకు ఒక పక్కకి పోకూడదని. సంచి నింపితే పూర్తిగా నింపండి, లేదంటే ఖాళీగా ఉంచండి.

ఇక మా వాళ్ల సంగతి. జోడుగుళ్లపాలెం దగ్గర ఫైబర్ తెప్ప మీద వల లాగేవాడికి మీ పెద్ద కెరటం సరదా కాదు. తెప్ప కనిపిస్తే దూరంగా పోండి.

షిప్‌యార్డ్ రిటైర్డ్:

మనవడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బరువు ఎక్కడ పెట్టాలనేది నేనే ముందు చెప్పాల్సింది, పైపులు చూడగానే చెయ్యి దురద పెట్టింది.

ఇంకో మాట. ఈ బోటు సముద్రానికేనా, తాటిపూడి లాంటి రిజర్వాయరుకీ తీసుకెళ్తారా? ఒక నీటి నుంచి ఇంకో నీటికి సంచుల్లో నీళ్లు మొయ్యొద్దు. మన విశాఖ హార్బర్‌లో 1967లో కొత్తరకం ఆల్చిప్ప ఒకటి కనబడింది, మైటిలోప్సిస్ అంటారు. ఊరు అమెరికా ఉష్ణమండలం, ఓడల వెంట వచ్చింది. గుత్తులు గుత్తులుగా పట్టేస్తుంది, ఉప్పు ఎక్కువైనా తక్కువైనా బతికేస్తుంది. ఓడల బల్లాస్ట్ నీటి మీద 2004లో అంతర్జాతీయ ఒప్పందం చేసుకుని, 2017 నుంచి అమలు చేస్తున్నది ఇలాంటి బెడద వల్లే. మీవి చిన్న సంచులే, కానీ అడుగున నాలుగు లీటర్లు మిగిలినా ఆల్చిప్ప పిల్లలు పెరగడానికి చాలు. దులిపి, మూత తీసి ఎండబెట్టండి.

కరెంటు కాకా:

రైడరూ, బోటు మీద కెపాసిటీ ప్లేటు చూశారా? ఎవరూ అడగలేదు.

రుషికొండ రైడర్:

చూశాను, ఇప్పుడే. పదిమంది, మనుషులూ సామానూ కలిపి 680 కిలోలు. మా లెక్కలో నీళ్లే 1,100. ఇన్నాళ్లూ ఆ ప్లేటు మీద తువ్వాలు ఆరేస్తున్నాం.

షిప్‌యార్డ్ రిటైర్డ్:

మాన్యువల్ తీసి చూడు. కంపెనీవాళ్లే బల్లాస్ట్ పెట్టిన మోడల్ అయితే అది ఆ 680లో కలిసిందో లేదో రాసి ఉంటుంది. పెట్టని మోడల్ అయితే నీళ్లూ సామానే. చిల్లు పెట్టేముందు మనుషుల్ని కూర్చోబెట్టి చూడు. మనుషులు కదిలే బల్లాస్ట్, పైసా ఖర్చుండదు.

రుషికొండ రైడర్:

నిన్న ఆదివారం చూశాం. మేం ముగ్గురం, బల్లాస్టుగా ఇద్దరు బావమరుదులు, అత్తయ్య, మామయ్య, పక్కింటి ఇద్దరు. ఆరుగురూ కలిపి సుమారు 430 కిలోలు.

అందర్నీ వెనక కూర్చోబెడితే కెరటం నిటారుగా లేచింది, కానీ అంచు నురగలా విరిగిపోయింది. బోటు ముక్కు ఆకాశం చూస్తూ చాలాసేపటికి గానీ వేగం ఎక్కలేదు. ఇద్దర్ని మధ్యలోకి జరిపితే అంచు శుభ్రమైంది. నడుము దాకా రాలేదు కానీ తొడ మధ్యకి వచ్చింది, మాకు అంతే చాలు. ఆ ఇద్దర్నీ ఇంకా ముందుకి పంపి, మెల్లగా తిరిగాను. రెండు బకెట్ల నీళ్లు సరాసరి అత్తయ్య ఒళ్లో పడ్డాయి. మనవడు గారూ, మీ మాట ఆ క్షణంలో అర్థమైంది.

కాబట్టి ముందు సీట్ల కింద సంచి రద్దు. వెనక చెరో 200 లీటర్లు, బోటులో నలుగురికి మించకుండా. ఈ సీజనుకి పోర్టబుల్ పంపే. చిల్లు విషయంలో మాత్రం నా మాట నాదే, కంచు ఫిట్టింగ్ దొరికితే వానాకాలంలో ఒక్కటి పెట్టిస్తాను. మావాడు ఇది చదివాడు, ఇంకా ఫోన్ ఎత్తట్లేదు.

మర బోటు మనవడు:

ఆ ఆరుగురికీ లైఫ్ జాకెట్లు వేశారా?

రుషికొండ రైడర్:

ఐదుగురికి. మామయ్యకి సైజు సరిపోలేదు.

మర బోటు మనవడు:

అయితే సంచుల డబ్బుతో ముందు అది కొనండి.

రుషికొండ రైడర్:

సరే. డబల్ ఎక్స్‌ఎల్ సైజు జాకెట్ వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?